సంచిలో పట్టే సర్వరు

చిలకలూరిపేట పత్తి కొట్లలోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ప్రోగ్రామరంటే ఫాక్స్‌ప్రో తెలిసిన మనిషి. నాకు పని నేర్పిన మాస్టారు ఆ కాలం మనిషే. ఎన్‌ఆర్‌టీ సెంటర్ దగ్గర మేడమీద గదిలో పిల్లలకి కంప్యూటర్ నేర్పేవారు. పత్తి సీజన్ మొదలైతే మాత్రం కొట్లకీ, గణపవరం వైపు మిల్లులకీ ప్రోగ్రాములు రాయడానికి తిరిగేవారు. కాటా తూకం, తరుగు, హమాలీ, కమీషను, రైతుకి ఇవ్వాల్సిన బాకీ, ఇవన్నీ లెక్కగట్టి చీటీ కొట్టే ప్రోగ్రాములవి. ఆయన పనిముట్లన్నీ 1.44 ఎంబీ ఫ్లాపీలు కొన్నింట్లో ఇమిడిపోయేవి. కొట్టుకి వెళ్లి, గుమాస్తా పక్కన కూర్చుని, ఆ మిషన్ మీదే రాసి, ఆ మిషన్ మీదే నడిపి, చీటీ సరిగ్గా ప్రింటయ్యాక లేచేవారు. రాసే చోటూ వాడే చోటూ ఒకటే. అందుకే "నా మిషన్‌లో బాగానే నడిచిందండీ" అని ఒక కొట్టు యజమానికి చెప్పుకోవాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

నేనిప్పుడు అదే ఊళ్లో పైథాన్ పాఠాలు చెబుతున్నాను. పత్తి కొట్లకీ, మిర్చి కోల్డ్ స్టోరేజీలకీ వెబ్ అప్లికేషన్లు రాసిపెడుతున్నాను. వెబ్ వచ్చాక మాస్టారి కాలంనాటి ఆ ఏర్పాటు చెదిరిపోయింది. ప్రోగ్రాము ఒకచోట, డేటాబేస్ ఇంకోచోట, సర్వరు ఎక్కడో సముద్రాల అవతల. చెదిరిన వాటన్నిటినీ మళ్లీ ఒక మనిషి ల్యాప్‌టాప్‌లోకి, ఒక ఫోల్డర్‌లోకి తెచ్చుకోవడానికి పైథాన్ లోకానికి దగ్గరదగ్గర ఇరవై ఏళ్లు పట్టింది. ఆ ఇరవై ఏళ్ల కథని సాధారణంగా పనిముట్లు తయారుచేసిన వాళ్ల వైపు నుంచి చెబుతారు. వాళ్లందరికీ నెట్ ఎప్పుడూ ఉంది. నెట్ ఉండీ లేని ఊళ్లో ఆ పనిముట్లని డీవీడీల్లో, పెన్‌డ్రైవుల్లో మోసుకొచ్చి వాడినవాళ్ల వైపు నుంచి కూడా ఆ కథ చెప్పుకోవాలని నా పట్టుదల.

పైథాన్‌ని గిడో వాన్ రాసమ్ 1989 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టి 1991 ఫిబ్రవరిలో బయటికి వదిలాడు. అప్పటికి వెబ్‌తో దానికి సంబంధం లేదు. తొంభైల చివర్లో పైథాన్‌తో వెబ్ పేజీ చూపించాలంటే సీజీఐ అనే పద్ధతి ఉండేది, పేజీ అడిగిన ప్రతిసారీ పైథాన్ మొదట్నుంచి లేచి పని చేసి పడుకునేది. తర్వాత అపాచీ సర్వరు కడుపులోనే పైథాన్‌ని కూర్చోబెట్టే మాడ్‌పైథాన్ వచ్చింది. అది వేగమే కానీ, ప్రోగ్రాములో ఒక అక్షరం మారిస్తే చాలాసార్లు అపాచీని ఆపి మళ్లీ లేపాల్సి వచ్చేది. జోప్ అనేది ఇంకోరకం. సర్వరూ డేటాబేసూ దాని పొట్టలోనే ఉంటాయి, కానీ అదొక మహావృక్షం, నేర్చుకోవడానికే ఏడాది కావాలి. ఈ దశ గురించి ఇంతకన్నా చెప్పను. మా ఊళ్లో వీటిలో దేన్నీ వాడిన మనిషి నాకు తారసపడలేదు. అప్పట్లో ఇక్కడ వెబ్‌సైటంటే పీహెచ్‌పీ, ఎక్కడో అద్దెకి తీసుకున్న చోటు, అక్కడికి ఫైళ్లు ఎక్కించడానికి ఫోన్ లైన్ మీద నడిచే నెట్. ఎక్కించినంతసేపూ ఇంటికి ఫోన్ రాదు. తప్పు దిద్దితే మళ్లీ ఎక్కించాలి.

2003లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, పైథాన్ ప్రోగ్రాముకీ వెబ్ సర్వరుకీ మధ్య మాటామంతీ ఎలా ఉండాలో నిర్ణయిస్తూ ఫిలిప్ ఈబీ ఒక ఒప్పంద పత్రం రాశాడు. దాన్ని డబ్ల్యూఎస్‌జీఐ అంటారు. సర్వరు ఏదైనా సరే, ప్రోగ్రాము మార్చక్కర్లేదు. చిన్న సర్వరుతో ఇంట్లో నడిపినదే పెద్ద సర్వరుతో బయట నడుస్తుంది. నిజానికి ఇవాళ మనం ల్యాప్‌టాప్‌లో రాసి క్లౌడ్‌లో నడుపుతున్నామంటే దానికి పునాది ఆ కాగితమే. రెండోది, అమెరికాలో కాన్సస్ రాష్ట్రం లారెన్స్ అనే ఊళ్లో, లారెన్స్ జర్నల్-వరల్డ్ అనే స్థానిక దినపత్రిక ఆఫీసులో ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు కుర్రాళ్లు పత్రిక వెబ్‌సైట్ల కోసం సొంతంగా ఒక సామగ్రి తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. పత్రికంటే గడువులు. సాయంత్రం అడిగిన పేజీ రాత్రికి నడవాలి. ఆ సామగ్రే 2005 జులైలో జాంగో పేరుతో అందరికీ అందింది.

జాంగోని పొగిడేవాళ్లు దాని అడ్మిన్ పేజీల గురించి, డేటాబేస్ పని తేలిక చేసినదాని గురించి చెబుతారు. నాకు మాత్రం అందులో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది 'రన్‌సర్వర్' అన్న ఒక్క ఆదేశం. అపాచీ అక్కర్లేదు, ఇంకే అమరికా అక్కర్లేదు. ఆ మాట కొట్టి ఎంటర్ నొక్కితే మన మిషనే సర్వరవుతుంది. బ్రౌజర్‌లో 127.0.0.1, పక్కన 8000 అని కొడితే మన పేజీ వస్తుంది. ఫైల్ మార్చి సేవ్ చేస్తే అదే గమనించి తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. దీన్ని బయట జనానికి పెట్టొద్దని జాంగో వాళ్లే హెచ్చరిస్తారు, ఇది రాసుకునేవాడి కోసమే. మాస్టారు గుమాస్తా పక్కన కూర్చుని అనుభవించిన సౌకర్యం, రాయగానే చూసుకోవడం, వెబ్ ప్రపంచంలో మాలాంటి ఊరి వాళ్లకి మొదటిసారి దొరికింది ఇక్కడే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పాత జాంగో ప్రాజెక్టు మొదలుపెడితే సెట్టింగుల ఫైల్లో కాలమండలం 'అమెరికా/చికాగో' అని ఉండేది. లారెన్స్ ఊరి గడియారం ఆ మండలంలోనిదే. దాన్ని మార్చకుండా పత్తి చీటీ ప్రింటు తీస్తే, జనవరిలో పేటలో ఉదయం 10 గంటలకి కాటా వేసిన బోరేల మీద ముందు రోజు రాత్రి 10:30 అని పడుతుంది. 2013 నవంబరులో వచ్చిన 1.6 నుంచి ఆ చోట యూటీసీ పెట్టారు. నేనిప్పటికీ పాఠంలో ఈ ముచ్చట చెబుతాను. ఎక్కడో ఒక చిన్న ఊరి పత్రికాఫీసు తన అవసరానికి చేసుకున్న పనిముట్టు ప్రపంచమంతా వాడుతోందని పిల్లలకి తెలియడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. పెద్ద నగరంలో పుట్టకపోయినా పనిముట్టుకి విలువ తగ్గదని వాళ్లకి నమ్మకం కలగాలి.

2006 సెప్టెంబరులో వచ్చిన పైథాన్ 2.5 ఇంకో మేలు చేసింది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ని పైథాన్‌లోనే కలిపి ఇచ్చింది. మొత్తం డేటాబేస్ ఒకే ఫైలు, దానికి వేరే సర్వరు లేదు, పాస్‌వర్డు లేదు, ఇన్‌స్టాలేషన్ లేదు. మాస్టారికి చూపిస్తే ఫైలు సైజు చూసి, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, మళ్లీ తెరిచి చూసి, "ఇది మా డీబీఎఫ్ కదమ్మా" అన్నారు, ఫాక్స్‌ప్రో ఫైళ్లని తలుచుకుని. ఆ మాటలో సంతోషం నాకింకా గుర్తుంది. మైక్రోసాఫ్ట్ 2004 తర్వాత ఫాక్స్‌ప్రోకి కొత్త వెర్షన్ తీసుకురాలేదు. ఆయన చేతిలో పనిముట్టుకి వయసు మీరుతోంది. ఇది ఆయనకి తెలిసిన దారిలోనే ఉన్న కొత్త వస్తువు.

అదే రోజుల్లో ఆరన్ స్వార్ట్జ్ రాసిన వెబ్.పీవై అనే ఇంకో చిన్న ఫ్రేమ్‌వర్క్ ఉండేది. రెడిట్ సైటుని 2005 చివర్లో లిస్ప్ భాష నుంచి పైథాన్‌లోకి మార్చి రాసింది దాంతోనే. తర్వాత దాని బాగోగులు చూసుకున్నది, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ఓపెన్ లైబ్రరీకి పనిచేసినది ఆనంద్ చిటిపోతు. ఆ తెలుగు ఇంటిపేరు చూసి మా క్లాసులో పిల్లలు నిటారుగా కూర్చోవడం నాకిష్టం. దాంట్లోనూ సర్వరు లోపలే ఉంటుంది. ఒక ఫైలు రాసి నడిపితే 8080 మీద పేజీ వచ్చేస్తుంది. 2010 ఏప్రిల్ 1న ఆర్మిన్ రోనాకర్ సరదాగా వదిలిన ఒక్క ఫైలు ప్రోగ్రాము నుంచి పుట్టిన ఫ్లాస్క్‌దీ ఇదే తీరు, దాని పోర్టు 5000.

సరే, ఇవన్నీ తయారయ్యాయి. పేట దాకా ఎలా వచ్చాయి?

లినక్స్ పోస్టులో వచ్చింది. ఉబుంటు వాళ్లు షిప్ఇట్ అని ఒక పథకం నడిపేవారు. అడ్రసు రాస్తే చాలు, ప్రపంచంలో ఏ ఊరికైనా సీడీ ఉచితంగా పంపేవారు. 2011 ఏప్రిల్‌లో అది ఆపేశారు. పోస్ట్‌మాన్ తెచ్చిచ్చిన ఆ అట్ట కవరు సీడీలో పైథాన్ ముందే ఉండేది. మిగతావి పత్రికల డీవీడీల్లో వచ్చేవి. లినక్స్ ఫర్ యూ పత్రికతో పాటు డీవీడీ ఇచ్చేవారు, గుంటూరులోనో విజయవాడలోనో కొనుక్కుని వస్తే ఆ నెలంతా పండగే. ఇంకొన్ని హైదరాబాద్‌లోని అమీర్‌పేట నుంచి వచ్చేవి. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు డిగ్రీ కాగానే మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో చేరి జావా, డాట్‌నెట్ నేర్చుకునేవారు. పండక్కి ఊరొచ్చేటప్పుడు జిరాక్సు నోట్సూ రాసిన డీవీడీలూ తెచ్చేవాళ్లు, వెళ్లేటప్పుడు అరిసెల డబ్బా తీసుకెళ్లేవాళ్లు. బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌లో రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు దింపుకున్నదానికి లెక్క ఉండని ప్లాన్లు ఉండేవి. అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ మొదలెట్టి పడుకునే అలవాటు ఈ తరం ప్రోగ్రామర్లలో చాలామందికి ఉంది. నెట్‌లో దొరికేదాన్ని ఒకరు దింపితే పదిమంది పంచుకోవడం అప్పట్లో మర్యాద. దాన్ని పొదుపు అనుకోవద్దు, అదొక పద్ధతి. ఆ పద్ధతి లేకపోతే ఈ ఊళ్లో పైథాన్ లేదు.

ఇప్పుడు అసలు కష్టం గురించి.

పైథాన్‌కి బయటివాళ్లు రాసిన ప్యాకేజీలన్నీ పడే గిడ్డంగి మిషన్‌లో ఒక్కటే ఉంటుంది, సైట్-ప్యాకేజెస్ అనే ఫోల్డరు. పత్తి కొట్టు అప్లికేషన్ జాంగో 1.3 మీద రాశామనుకోండి. తర్వాత కోల్డ్ స్టోరేజీ వాళ్లకి టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్కల కోసం 1.5 మీద మొదలుపెట్టాం. కొత్తది ఎక్కించిన క్షణంలో పాతది పోతుంది, కొట్టు ప్రోగ్రాము ఆగిపోతుంది. ఇది పేట సమస్య మాత్రమే కాదు, అందరిదీ. దీనికి మందు కనిపెట్టినవాడు ఇయన్ బికింగ్. 2007లో వర్చువల్‌ఎన్వ్, 2008లో పిప్, రెండూ ఆయనవే. ప్రాజెక్టుకొక గిడ్డంగి, అందులో ఏయే ప్యాకేజీలు ఏయే వెర్షన్లు ఉన్నాయో రాసుకునే రిక్వైర్‌మెంట్స్ ఫైలు ఒకటి. 2012లో పైథాన్ 3.3తో ఈ ఆలోచన వెన్వ్ పేరుతో పైథాన్‌లోనే కలిసింది, 2014లో 3.4తో పిప్ కూడా లోపలికొచ్చింది.

క్లాసులో నేను దీన్ని ఆదేశంలా కంఠస్థం చేయించను. వెన్వ్ చేయించి, ఫోల్డరు తెరిపిస్తాను. లోపల 'యాక్టివేట్' అనే ఫైలుంటుంది. చాలామంది అదేదో మాయ అనుకుంటారు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు అక్షరాలే. పాత్ అనే జాబితాలో మన ఫోల్డరు పేరు ముందు చేర్చడం, ప్రాంప్టు ముందు బ్రాకెట్లలో వెన్వ్ పేరు పెట్టడం, దాదాపు అంతే. పైథాన్ అని కొట్టినప్పుడు సిస్టమ్ జాబితాలో పైనున్న చోట మొదట వెతుకుతుంది కాబట్టి మన ఫోల్డరులో ఉన్నదే దొరుకుతుంది. పక్కనే పైవెన్వ్.సీఎఫ్‌జీ అనే చిన్న ఫైలుంటుంది. అందులో మొదటి వరుసలో 'హోమ్' అని, అసలు పైథాన్ ఈ మిషన్‌లో ఏ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లో ఉందో రాసి ఉంటుంది. ఆ ఒక్క వరుస చూపిస్తే ఒక పెద్ద ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. "మేడం, ల్యాబ్‌లో చేసిన వెన్వ్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఇంటికి పట్టుకెళ్తే ఎందుకు నడవట్లేదు?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. ఇంట్లో మిషన్‌లో పైథాన్ వేరే చోట ఉంటుంది, ఈ వరుస చూపించే దారి అక్కడ ఉండదు. మోయాల్సింది ఆ ఫోల్డరు కాదు, మీరు రాసిన ఫైళ్లూ, రిక్వైర్‌మెంట్స్ జాబితా, ప్యాకేజీల మూటా. ఇల్లు చేరాక కొత్త వెన్వ్ కట్టుకోవాలి.

ఆ ప్యాకేజీల మూట కట్టడం కూడా ఒకప్పుడు సులువు కాదు. పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకాపీజీ2, బొమ్మల కోసం పిల్ లాంటి ప్యాకేజీల్లో సగం సీ భాషలో ఉంటుంది. పిప్ దాన్ని తెచ్చి మన మిషన్ మీదే కంపైల్ చేయాలి. విండోస్‌లో కంపైలర్ ఉండదు. ఎర్ర అక్షరాలు బారెడు పడి, చివర్న 'వీసీవార్స్ఆల్.బ్యాట్ దొరకలేదు' అని ఆగిపోయేది. ఆ కాలంలో విండోస్ మీద పైథాన్ నేర్చుకున్న ఎవరైనా ఆ పేరు నిద్రలో అడిగినా చెబుతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ క్యాంపస్‌లో పనిచేసే క్రిస్టఫ్ గోల్కే అనే శాస్త్రవేత్త అలాంటి ప్యాకేజీలన్నీ తానే కంపైల్ చేసి ఒక పేజీలో ఉచితంగా పెట్టేవాడు. ఏళ్ల తరబడి ప్రపంచంలో ఎన్ని ల్యాబులు ఆ ఒక్క మనిషి పేజీ మీద బతికాయో లెక్కలేదు. ఆయనకి మేం రుణపడి ఉన్నాం.

2013 నుంచి వీల్ అనే పద్ధతి వచ్చి ఈ బాధ క్రమంగా తీరింది. వండి పెట్టిన ప్యాకేజీ అన్నమాట. దాని పేరులోనే జాతకమంతా ఉంటుంది: సీపీ34 అంటే పైథాన్ 3.4కి, విన్32 అంటే 32 బిట్ల విండోస్‌కి. అప్పట్నుంచి మా ల్యాబ్‌లో ఒక ఫోల్డరు పెరగడం మొదలైంది. నెట్ బాగున్న చోట పిప్ చేత వీల్ ఫైళ్లు దింపించడం, పెన్‌డ్రైవ్‌లో తేవడం, ఇక్కడ 'నో-ఇండెక్స్', 'ఫైండ్-లింక్స్' అనే రెండు మాటలు చేర్చి నెట్ ప్రసక్తి లేకుండా ఎక్కించడం. ఈ మాటలు పుస్తకాల్లో చివరి పేజీల్లో ఉంటాయి. మా దగ్గర మొదటి వారంలోనే నేర్పేవాళ్లం.

కరెంటు సంగతీ చరిత్రలో భాగమే. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడేలు పెట్టారు, మిల్లులు ఆగేవి, ఊళ్లో గంటల తరబడి కోత. కొట్టు యజమాని ఒకాయన మా డెమో మొత్తం ఓపిగ్గా చూసి, చివర్లో ఒక్కటే అడిగారు: "ఏందమ్మాయ్, కరెంటు పోతే ఎట్టా? నెట్టు పోతే ఎట్టా? రైతు బండి దగ్గర నిలబడి ఉంటాడే!" బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో జాంగో, ఎస్‌క్యూలైట్ ఫైలు, చిన్న ప్రింటరు. రౌటర్‌కి యూపీఎస్ ఉంటే గుమాస్తా ఫోన్‌లోనూ అదే పేజీ తెరుచుకుంటుంది, బయటి నెట్‌తో పనిలేదు. సర్వరుని 127.0.0.1 మీద కాకుండా 0.0.0.0 మీద లేపితే అదే వైఫైలో ఉన్న ఏ ఫోనైనా చూడగలదు. జాంగోలో 'అలౌడ్ హోస్ట్స్' జాబితాలో ల్యాప్‌టాప్ చిరునామా రాయాలి, విండోస్ ఫైర్‌వాల్‌లో అనుమతివ్వాలి. ఆయనకి చూపించింది అదే. వైర్ పీకేసి, గుమాస్తా ఫోన్‌లో తూకం కొట్టించి, చీటీ తీసి చేతిలో పెట్టాం. మిల్లుకి అమ్మే దూదికి క్యాండీ లెక్క, అంటే 355.62 కిలోలు, దాన్ని బేళ్లలోకి, క్వింటాళ్లలోకి మార్చి చూపించే పేజీ కూడా ఆయన అడిగితే అక్కడే కూర్చుని రాశాం, మాస్టారు కూర్చున్నట్టే.

పైథాన్ 2 నుంచి 3కి మారడాన్ని చాలామంది పదేళ్ల పీడకలగా రాశారు. 2008 డిసెంబరు 3న మూడో వెర్షన్ వచ్చింది, రెండో దానికి 2020 జనవరి 1న సెలవిచ్చారు. మధ్యలో సగం పుస్తకాలు ఒక దానివి, సగం ఇంకోదానివి. నా అభిప్రాయం వేరు. తెలుగువాళ్లకి ఆ మార్పు వరం. కొట్లలో రైతుల పేర్లు తెలుగులో పడాలని అడుగుతారు. పైథాన్ 2లో తెలుగు పేరు ఎక్కడో ఒక మలుపులో ఆస్కీ అక్షరాలకి తగిలి ప్రోగ్రాము కూలిపోయేది, ప్రతిసారీ తప్పు బైటు 0ఎక్స్‌ఈ0 అనే చూపించేది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఏదైనా సరే మొదటి బైటు ఈ0యే మరి. ఆ రెండక్షరాలు కనిపిస్తే చాలు, ఎవరో రైతు పేరు దగ్గర ఆగిందని అర్థమయ్యేది. పైథాన్ 3లో అక్షరమంటే అక్షరమే, బైట్లు వేరు. 'కోటేశ్వరరావు' అని రాస్తే చీటీలో 'కోటేశ్వరరావు' అనే పడింది. కోటప్పకొండ తిరనాళ్ల ఊళ్ల మధ్య ఆ పేరుతో ప్రోగ్రాము కూలిపోకుండా ఉండటం చిన్న విషయం కాదు.

అయితే మారడానికి మిషన్లు సాయపడాలి కదా. ల్యాబుల్లో ఎక్కువగా విండోస్ ఎక్స్‌పీ ఉండేది. 2015లో పైథాన్ 3.5 ఎక్స్‌పీని వదిలేసింది. 3.4 దగ్గర ఆగితే, దాని మీద నడిచే చివరి జాంగో 2.0. అలా ఒక ఊరి ల్యాబు ఏ ఏడాదిలో ఆగిపోయిందో దాంట్లో ఉన్న వెర్షన్ చూసి చెప్పొచ్చు. 2020లో వచ్చిన 3.9 విండోస్ 7ని కూడా వదిలింది. కొత్త మిషన్లు కొనలేని చోట వెర్షన్ నంబర్ అంటే ఆర్థిక స్థితి. పనిముట్లు రాసేవాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

డాకర్ కథ మా వైపు ఆలస్యంగా వచ్చింది. 2013 మార్చిలో పైకాన్ సభలో సాలమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంలో దాన్ని చూపించాడు. ప్రోగ్రామునే కాదు, దాని చుట్టూ ఉన్న సిస్టమ్ మొత్తాన్నీ మూటగట్టే ఆలోచన. గొప్పదే. కానీ ఒక్కో మూట వందల ఎంబీలు, 2 జీబీ మెమరీ ఉన్న మిషన్లు దాన్ని మోయలేవు. 2016 సెప్టెంబరు 5న జియో మొదలయ్యాక నెట్ కరువు తీరింది, మెమరీ కరువు తీరలేదు. నేను ఇప్పటికీ కొట్టు పనికి డాకర్ వాడను, అవసరమైన చోట పిల్లలకి నేర్పుతాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హైదరాబాద్, బెంగళూరుల నుంచి మా పిల్లలందరూ ల్యాప్‌టాపులతో ఊళ్లకి చేరారు. అమీర్‌పేట వెళ్లిన తరం, తర్వాతి తరం, అందరూ మేడమీద గదుల్లో, ఒక పక్క కల్లాల్లో మిరపకాయ ఆరుతుంటే, ఆఫీసు పనులు చేశారు. అంతకుముందు మా ల్యాబు వైపు చూడని వాళ్లు కూడా వచ్చి పాత వీల్ ఫోల్డరు అడిగారు. ఒకేసారి ఊరంతా వీడియో మీటింగుల్లో ఉంటే వాళ్లకి సాయంత్రాలు ప్యాకేజీలు దిగేవి కావు. అప్పుడు వాళ్లే దాన్ని పద్ధతిగా సర్దిపెట్టారు. ఒక మిషన్‌లో వీల్ ఫైళ్లన్నీ ఉంచి, పైథాన్‌తోనే వచ్చే చిన్న హెచ్‌టీటీపీ సర్వరు నడిపితే, మిగతా మిషన్లలో పిప్ అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. నగరంలో నేర్చుకున్న క్రమశిక్షణ, ఊళ్లో నేర్చుకున్న పొదుపు కలిస్తే ఏమవుతుందో ఆ ఏడాది చూశాను.

2023లో డెబియన్, ఉబుంటు కొత్త వెర్షన్లు సిస్టమ్ పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా ఏదీ ఎక్కించనివ్వమని తేల్చేశాయి. వెన్వ్ చేసుకోవాల్సిందే. చాలామంది విసుక్కున్నారు, నాకు మాత్రం ఇది ఇంత ఆలస్యంగా వచ్చిందేమిటా అనిపించింది. ఒక ఇబ్బంది ఉంది: అక్కడ వెన్వ్‌ని విడి ప్యాకేజీగా ఇస్తారు, నెట్ లేని మిషన్‌లో ఆ ఒక్కటీ ముందే తెచ్చి పెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరిలో యూవీ వచ్చింది. వెన్వ్ చేయడం, ప్యాకేజీలు తేవడం, పైథాన్‌నే తేవడం, అన్నీ ఒక్క ప్రోగ్రాము. ఒకసారి దింపిన ప్యాకేజీని దాచుకుని ఎన్ని ప్రాజెక్టులకైనా అక్కడి నుంచే అతికిస్తుంది, డిస్కు కూడా మిగులుతుంది. 'ఆఫ్‌లైన్' అంటే నెట్ జోలికి పోదు. ఇది రాసినవాళ్లు మమ్మల్ని మనసులో పెట్టుకుని రాయలేదు, అయినా మాకు బాగా సరిపోయింది.

ఇప్పుడు నన్ను కలవరపెట్టేది వేరు. కాలేజీ పిల్లలు పైథాన్‌ని బ్రౌజర్‌లోనే మొదలుపెడుతున్నారు. కోలాబ్‌లో కోడు రాస్తారు, జవాబు వస్తుంది. "ఈ ఫైలెక్కడుంది?" అంటే చెప్పలేరు. సిలబస్ పూర్తవుతుంది, మార్కులొస్తాయి, సొంత మిషన్‌లో ఒక్క సర్వరూ లేపకుండానే డిగ్రీ చేతికొస్తుంది. అందుకే మా దగ్గర చేరినవాళ్లకి మొదటి రోజు వైఫై ఆపించి, ల్యాబు మిషన్ నుంచి జాంగో ఎక్కించి, రన్‌సర్వర్ కొట్టిస్తాను. పేజీ కనిపించాక వాళ్ల ప్రశ్నలు మారిపోతాయి. మా ఇంట్లో మిర్చి లెక్కలకి ఇది చేయొచ్చా, నాన్న ఫోన్‌లో వస్తుందా అని అడుగుతారు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. మా ల్యాబులో చాలా మిషన్లు విండోస్ 11కి పనికిరావు, పారేయడానికి మనసొప్పదు. వాటిని లినక్స్‌లోకి మార్చాలని నిర్ణయించుకున్నాం. అప్పుడు ఇన్నాళ్లూ పోగుచేసిన విండోస్ వీల్ ఫైళ్లలో సీ భాషతో పనిలేనివి తప్ప మిగతావేవీ నడవవు, లినక్స్‌కి తగినవి కొత్తగా దింపుకోవాలి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే పాత విద్యార్థులకి జాబితా పంపించాను: జాంగో, పిల్లో, సైకాపీజీ, ఇంకా కొన్ని. ఎవరు ఏవి తెస్తారో వాళ్లలో వాళ్లే పంచుకుంటున్నారు.